అమ్మమ్మ కుర్చీ వేసిన చోటు

నా చిన్నప్పుడు మేము ఒక దేశం పెట్టాం. నవ్వకండి. జెండా ఉంది, చట్టాలున్నాయి, సరిహద్దు ఉంది, సొంత డబ్బు కూడా ఉంది. లేనిదల్లా పేరొక్కటే. పేరు దగ్గర ఎవరి పంతం వాళ్ళు పట్టుకుని కూర్చోవడంతో ఆ వేసవంతా మా దేశం పేరు లేకుండానే నడిచింది. ఇప్పుడు మా ఇంట్లో పిల్లలు నన్ను పెద్దమ్మా అంటూ, నేనేం చెప్పినా పురాణకాలం సంగతిలాగా నోరు తెరుచుకుని వింటున్నారు కాబట్టి, ఇది కూడా రాసిపెట్టేస్తే ఓ పని అయిపోతుంది.

మేముండేది మిషిగన్‌లోని ట్రాయ్‌లో, ఓ అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్‌లో. నాన్నలందరూ కార్ల కంపెనీల్లో ఇంజినీర్లు. మా బిల్డింగ్ వెనకాల కాస్త పచ్చిక, రెండు ఊయలలు, ఓ జారుడుబల్ల ఉండేవి. జూలై నాలుగున, అమెరికా స్వాతంత్ర్య దినాన, అందరం బాణాసంచా చూసి వచ్చాం. ఆ మర్నాడే మేనేజరమ్మ పచ్చికలో బంతి ఆడకూడదని బోర్డు పెట్టించింది. మా పై ఇంటి అన్నయ్యకి ఒళ్ళు మండిపోయింది. పన్నెండేళ్ళవాడు, మా అందరికీ పెద్ద. అక్కడికక్కడే ఆ పచ్చికకి స్వాతంత్ర్యం ప్రకటించేశాడు. తనే ప్రెసిడెంట్. చుట్టూ ఉన్న కాలిబాట మీద సుద్దముక్కతో గీత గీశాడు. గీతకి ఇవతల మా దేశం, అవతల అమెరికా. నన్ను ఆర్థిక మంత్రిని చేశారు. లెక్కల్లో నేనేదో గొప్పదాన్నని అనుకునేరు, డబ్బు దాచడానికి పనికొచ్చే కుకీల డబ్బా మా ఇంట్లో ఉంది, అంతే.

కొత్త దేశం పాత దేశపు డబ్బు వాడితే పరువేం మిగుల్తుందని ప్రెసిడెంట్ పట్టుబట్టాడు. మా సొంత డబ్బు లాండ్రీ గదిలో దొరికింది. ట్రాయ్ నుంచి అరగంట వెళ్తే నది, నది దాటితే కెనడా. అందుకని మా చిల్లరలో వాళ్ళ క్వార్టర్లు, అంటే పావు డాలరు బిళ్ళలు, కూడా కలిసిపోయి తిరుగుతుండేవి. కొట్లో ఎవరూ పట్టించుకునేవారు కాదు గానీ, బట్టలుతికే మెషిన్ మాత్రం మహా పట్టింపుది. కెనడా బిళ్ళ వేస్తే చాలు, ఠక్కున కక్కేసేది. విసుగు పుట్టినవాళ్ళు ఆ బిళ్ళల్ని కిటికీ దగ్గరున్న సీసాలో పడేసి పోయేవాళ్ళు. అడిగితే మేనేజరమ్మ తీసుకుపొమ్మంది. బిళ్ళకి ఒకవైపు రాణి, రెండోవైపు పెద్ద కొమ్ముల దుప్పి. మా డబ్బుకి దుప్పి అనే పేరు పెట్టాం. దేశానికి కుదరని ఏకాభిప్రాయం డబ్బుకి చిటికెలో కుదిరింది. ఊయల ఊగాలంటే ఖజానాకి ఒక దుప్పి కట్టాలి. బంతి ఏరి తెచ్చినవాడికి, సరిహద్దు కాపలా కాసినవాడికి ఖజానా తిరిగి ఒక దుప్పి ఇస్తుంది.

ఇక సరిహద్దు. పై ఇంటి అంకుల్ ఏళ్ళ తరబడి గ్రీన్ కార్డ్ కోసం ఎదురుచూస్తున్నారు. వాళ్ళింట్లో అన్నం దగ్గర కూడా అవే మాటలు. ఆ ఇంట్లో పెరిగిన ప్రెసిడెంట్ స్వతంత్ర దేశంలో మొట్టమొదట ఏం పెట్టాడంటే, వీసా ఆఫీస్ పెట్టాడు. బోర్లించిన అట్టపెట్టె కౌంటరు. లోపలికి రావాలంటే ప్రశ్నలకి జవాబు చెప్పి, ఒక దుప్పి చూపించాలి. దుప్పి సంపాదించాలంటే లోపల పని చెయ్యాలి. ఇందులో ఉన్న తిరకాసు మాకెవరికీ కనబడలేదు, కొత్తమ్మాయి వచ్చేదాకా.

ఆ అమ్మాయి వాళ్ళు హైదరాబాద్ నుంచి వచ్చి పక్క బిల్డింగ్‌లో దిగి నెల కూడా కాలేదు. నా ఈడుదే. మా దేశంలో ఆడపిల్లని నేనొక్కదాన్నే. ఆ మగపిల్లల వెనకాల జెండా పట్టుకుని తిరిగి తిరిగి నాకు ప్రాణం విసిగిపోయింది. ఓ తోడు దొరికితే చాలు దేవుడా అనుకుంటున్న రోజుల్లో, రెండు జడలు వేసుకుని ఆ పిల్ల గీత దగ్గరికి వచ్చి నిలబడింది. కాలివేళ్ళు కూడా గీతకి తగలకుండా, అంత బుద్ధిగా.

"పర్పస్ ఆఫ్ విజిట్ ఏంటి?" అన్నాడు ప్రెసిడెంట్.

"ఆడుకుందామని వచ్చిన."

"ఎన్ని డేస్ స్టే చేస్తావ్?"

"మా అమ్మ పిలిచేదాంక."

"దుప్పి చూపించు."

ఆ పిల్ల దగ్గర ఎక్కడిది? లాండ్రీ గది సీసా మేము ఎప్పుడో ఊడ్చేశాం. "డినైడ్, నెక్స్ట్" అన్నాడు. వెనకాల నెక్స్ట్ ఎవరూ లేరు.

రోజూ సాయంత్రం ఇదే తంతు. నేను మంత్రివర్గంలో గట్టిగానే పోట్లాడాను. ఖజానాలోంచి ఒకటి అప్పిద్దామంటే ఓట్లేసి ఓడించారు. నేను స్పాన్సర్ చేస్తానంటే, మంత్రులు స్పాన్సర్ చేయకూడదని అప్పటికప్పుడు చట్టం చేశారు. ఓ శుక్రవారం ఆ పిల్ల డినైడ్ అనిపించుకుని, నా వైపు చూసి, రేపు ఒక్కరోజే వస్తాను, తర్వాత ఇంక రాను అని చెప్పి వెళ్ళిపోయింది. నాకు ఏడుపొచ్చేసింది. కుకీల డబ్బా చంకన పెట్టుకుని ఏడుస్తూ ఇంటికెళ్ళాను.

ఇంట్లో అమ్మమ్మ వంటింట్లో కూర్చుని జంతికలు ఒత్తుతోంది. ఆవిడ గురించి ఒక మాట చెప్పాలి. నేను పుట్టినప్పుడే రావాల్సిన మనిషి. మద్రాసులో వీసా ఇవ్వలేదు. వెళ్తే తిరిగి వస్తారని నమ్మకం లేదన్నారట. మళ్ళీ వెళ్ళింది, మళ్ళీ అదే మాట. చివరికి ఇచ్చేసరికి నాకు పదేళ్ళు. విమానాశ్రయంలో నన్ను మొదటిసారి చూసి, ఎత్తుకోబోయి, ఇంత పొడుగు పిల్లని ఎలా ఎత్తుకోవాలో తెలియక నవ్వేసింది. ఈ నాలుగు తెలుగు అక్షరాలూ ఆ ఆరునెలల్లో ఆవిడ నేర్పినవే. ఆవిడది ఒక్కసారి రావడానికే ఇచ్చిన వీసా, కెనడా వెళితే మళ్ళీ ఇటు రావడానికి వీల్లేదు. అందుకని నాన్న నది ఒడ్డుకి తీసుకెళ్ళి, అదుగో కెనడా అని చూపించాడు. కాసేపు చూసి, "అచ్చం ఇట్లాగే ఉందే" అంది.

నా గోడు విని అమ్మమ్మ ఓదార్చలేదు. వకీలులాగా ప్రశ్నలేసింది. గీత ఎవరు గీశారు, దేంతో గీశారు, మీ దుప్పులిస్తే గీత అవతల ఎవరైనా ఏదైనా ఇస్తారా అని. ఎవరూ ఇవ్వరన్నాను. ఆవిడకి తన చిన్నతనం గుర్తొచ్చింది. వాళ్ళ ఊరు నిజాం రాజ్యం అంచున ఉండేదట. వాగు దాటితే మొదట ఇంగ్లీషువాళ్ళ రాజ్యం, వాళ్ళు పోయాక స్వతంత్ర భారతదేశం. ఇటు రూపాయి వేరు, అటు రూపాయి వేరు. అవతలి సంతలో నిజాం రూపాయిని కొంచెం తక్కువకే తీసుకునేవారు. వాళ్ళమ్మ రెండు రకాల డబ్బుకీ రెండు సంచులు కట్టుకుని వెళ్ళేదట. వాగు దగ్గర సుంకం వసూలుచేసే నాకా, అక్కడ కాపలావాళ్ళు, సోదాలు. చిన్నపిల్లగా ఆవిడకి అవతలి ఒడ్డంటే వేరే లోకమే.

"మరి నువ్వు అటు ఎప్పుడు వెళ్ళిపోయావ్?" అన్నాను.

"నేనెక్కడికి పోయానే? మా వాకిట్లోనే ఉన్నా. ఒకరోజు సైన్యం వచ్చింది, జెండా మారింది, తర్వాత్తర్వాత నాకా ఎత్తేశారు. రూపాయలు మాత్రం కొన్నేళ్ళు రెండూ నడిచినై. నేను కదల్లా. గీతే కదిలింది." ఆ మాట అని, నూనెలోంచి జంతికలు తీసి నా చేతిలో ఒకటి పెట్టింది.

మర్నాడు శనివారం. సాయంత్రం అమ్మమ్మ ఒక చేత్తో మడత కుర్చీ, ఇంకో చేత్తో పెద్ద స్టీలు డబ్బా పట్టుకుని మా సరిహద్దు దగ్గరికి వచ్చింది. కొత్తమ్మాయి అప్పటికే నిలబడి ఉంది. అమ్మమ్మ వెళ్ళి ఆ పిల్ల వెనకాల నిలబడింది. పెద్దవాళ్ళు కదా, మీరు ముందుకి రండి అంటే రాలేదు. ఆ పిల్ల డినైడ్ అయ్యాకే కౌంటరు ముందుకొచ్చింది. పర్పస్ ఆఫ్ విజిట్ అని అడగ్గానే కొంగు సర్దుకుని, నిటారుగా నిలబడి, మద్రాసులో అప్పజెప్పిన పాఠం చెప్పింది: "మా మనవరాలిని చూసుకుని తిరిగి వెళ్ళిపోతానండీ." మేమంతా కిసుక్కున నవ్వాం. బాల్కనీలో ఉన్న అమ్మ మాత్రం నవ్వలేదు. ప్రెసిడెంట్ దుప్పి అడిగాడు. లేదంది. వాడికీ మొహమాటంగానే ఉంది గానీ చట్టం చట్టమే కదా, డినైడ్ అన్నాడు.

"సరే నాయనా, నాకు అలవాటే" అంది అమ్మమ్మ. గీతకి అవతల, రెండడుగుల దూరంలో కుర్చీ వేసుకుని కూర్చుంది. కొత్తమ్మాయిని పిలిచి పక్కన గట్టుమీద కూర్చోబెట్టి, డబ్బా ఆ పిల్ల ఒళ్ళో పెట్టింది. మూత తీయించింది. జంతికలు, సున్నుండలు. ఒక్కోటి ఒక్క దుప్పి, అని ప్రకటించింది.

చూస్తుండగానే మా దేశం ఆర్థిక వ్యవస్థ కుప్పకూలింది. మొదట బంతి ఏరేవాళ్ళు వెళ్ళారు, తర్వాత కాపలావాళ్ళు వెళ్ళారు. దుప్పి ఇచ్చి, సున్నుండ తీసుకుని, గీత మీదే నిలబడి తినేశారు. ఎవరూ దేశం దాటకూడదని ప్రెసిడెంట్ చట్టం చేస్తే, చేతులు చాపితే దాటినట్టు కాదని మంత్రులు వాదించారు. జీతాలు ముందే ఇచ్చెయ్యమని నా మీద పడ్డారు. నేను సంతోషంగా ఇచ్చేశాను. కుకీల డబ్బాలో ఒక్క దుప్పి లేకుండా పోయింది. అందరికీ అందించింది కొత్తమ్మాయే. తీసుకున్న ప్రతివాడి మొహం చూసి నవ్వుతోంది, వాళ్ళూ నవ్వుతున్నారు. చివరికి ప్రెసిడెంట్ కూడా తన ఆఖరి దుప్పి పట్టుకుని, పరువంతా మూటగట్టుకుని వచ్చి రెండు జంతికలు బేరమాడాడు.

అప్పుడు చూసుకుంటే ఖజానాలో ఏమీ లేదు. దేశంలోని డబ్బంతా అమ్మమ్మ కొంగులో ఉంది. ఊయల ఊగడానికి ఎవరి దగ్గరా దుప్పి లేదు, కాపలాకి జీతం లేదు. "అమ్మమ్మా, మా మనీ వెనక్కి ఇచ్చెయ్యండి" అన్నాడు ప్రెసిడెంట్. ఏదైనా అమ్మితే కొంటానంది ఆవిడ. వాడి దగ్గర అమ్మడానికి ఊయల తప్ప ఏముంది? "ఊయల ఊగే వయసా నాది? అదీగాక లోపలికి రానివ్వలేదు కదరా నువ్వు" అంది.

వాడు చాలాసేపు ఆలోచించాడు. వాడి బుర్రని నేను ఇప్పటికీ మెచ్చుకుంటాను. ఇచ్చిన తీర్పు వెనక్కి తీసుకుంటే పరువు తక్కువ. సుద్దముక్క తీసుకుని కాలిబాట మీద కూర్చున్నాడు. పాత గీత దగ్గర మొదలుపెట్టి, బయటికి తీసుకెళ్ళి, అమ్మమ్మ కుర్చీ చుట్టూ తిప్పి, మళ్ళీ తెచ్చి పాత గీతకి కలిపేశాడు. చెప్పుతో మధ్యలో గీత చెరిపాడు. అమ్మమ్మ, కుర్చీ, డబ్బా, డబ్బులు అన్నీ మా దేశంలోకి వచ్చేశాయి. పక్కనే గట్టుమీద కూర్చున్న కొత్తమ్మాయి కూడా.

"బట్, ఆ అమ్మాయికి వీసా లేదుగా" అన్నాడు ఓ చిన్నవాడు, నోట్లో సున్నుండ పెట్టుకుని.

"ఆ అమ్మాయి ఎక్కడికీ రాలేదు. కూర్చున్న చోటే ఉంది. లైనే వచ్చింది" అన్నాడు ప్రెసిడెంట్, విసుగ్గా.

నేను గభాల్న అమ్మమ్మ మొహంలోకి చూశాను. ఆవిడ వేళ్ళకంటిన నెయ్యి తుడుచుకుంటోంది, ఏమీ ఎరగనట్టు. నేను పరుగెత్తి వెళ్ళి ఆ పిల్ల చెయ్యి పట్టుకుని లేపాను. ఆ పట్టుకోవడంలో నాకు కలిగిన సంతోషం మళ్ళీ పెద్దయ్యాక కూడా ఏ కొద్దిసార్లో కలిగింది. ఆ తర్వాత అమ్మమ్మ చీర కుచ్చెళ్ళు దోపుకుని, దేశానికి డబ్బు రావాలి కదా అంటూ, ఒక దుప్పి కట్టి ఊయల ఎక్కింది. ఒకవైపు నేను, ఒకవైపు కొత్తమ్మాయి నిలబడి ఊపాం. మళ్ళీ కట్టింది, మళ్ళీ ఎక్కింది. బాల్కనీల్లోకి జనం వచ్చి చూశారు. మేనేజరమ్మ కూడా వచ్చి, బోర్డు సంగతి మర్చిపోయి, ఓ జంతిక తిని వెళ్ళింది. మా అమ్మ నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంటూనే ఉంది.

మెట్లెక్కి ఇంటికెళ్తున్నప్పుడు, ఇట్లా అవుతుందని నీకు ముందే తెలుసా అని అడిగాను. "నాకేం తెలుసే. సుద్దముక్క వాడి చేతిలో ఉంది, చూద్దాం అనుకున్నా" అంది.

బడి తెరిచాక మా దేశం పేరు పెట్టించుకోకుండానే అంతరించిపోయింది. చలికాలానికి ముందే అమ్మమ్మ, మాటిచ్చినట్టే, తిరిగి వెళ్ళిపోయింది. ఒక దుప్పి మాత్రం నా పర్సులో ఇప్పటికీ ఉంది. కొత్తమ్మాయి ఇప్పుడు టెక్సస్‌లోని కాపెల్‌లో ఉంటోంది, ఆదివారం వస్తే ఫోన్ చేయకుండా ఉండదు. ఇక్కడికి వచ్చినప్పుడల్లా ఇద్దరం వంతెన దాటి కెనడా వెళ్ళి భోజనం చేసి వస్తాం. అక్కడ కిటికీలో ఆఫీసరు ఎందుకు వచ్చారని అడిగితే నేను ఇంగ్లీషులో మర్యాదగా జవాబు చెబుతుంటాను. పక్క సీట్లోంచి ఇది తెలుగులో, మెల్లగా, "ఆడుకుందామని వచ్చిన" అంటుంది. నవ్వాపుకోలేక నేను పడే అవస్థ ఆ దేవుడికే తెలియాలి.

ఇక్కడ మనవాళ్ళ పుట్టినరోజులకి, పూజలకి వెళ్తే, మొన్ననే ఊరి నుంచి దిగిన పెద్దావిడో, భాష రాని కొత్త కోడలో చెప్పులూ కోట్లూ పెట్టేచోట ఒంటరిగా కూర్చుని కనిపిస్తుంది. రండి, మాతో కూర్చోండి అని పిలవచ్చు. నేను పిలవను. నా ప్లేటు, నా కుర్చీ పట్టుకుని వెళ్ళి ఆవిడ పక్కనే వేసుకుంటాను. కాసేపటికి ఎవరో ఒకరు మా మాటలు విని నవ్వుకుంటూ ఓ కుర్చీ లాక్కుని వస్తారు, ఆ వెనక ఇంకొకరు. ఇన్నేళ్ళలో, మేమున్న చోటికి గీత రాని రోజు ఒక్కటీ లేదు.