జున్నుపాల కానుక

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, ఇంట్లో సంపాదించే మనిషి మంచాన పడితే ఆ ఇల్లు ఎలా ఉంటుందో మీలో కొందరికి తెలుసు. మా ఆయన ప్రకాశం మా పక్కనున్న మనలిలో ఒక కంపెనీలో పైపుల పని చేస్తూ పైనుంచి జారిపడ్డాడు, నడుముకు ఆపరేషన్ అయింది, దేవుని కృపవల్ల ప్రాణం దక్కింది, కానీ వంగలేడు, బరువు ఎత్తలేడు, గోడకు ఆనుకుని నిలబడటమే గొప్ప. అంతవరకు జీతం మీద నడిచిన మా సంసారం ఒక్కసారిగా రాణి మీద పడింది. రాణి అంటే మా జెర్సీ ఆవు. మాధవరంలో మా ఇంటి వెనక రేకుల కొట్టంలో ఉంటుంది, కొట్టం చిన్నదే గానీ దాని దర్జా మాత్రం పేరుకు తగ్గట్టే ఉంటుంది. ఇంట్లో బియ్యమైనా, ఆయన మందులైనా ఆ ఆవు పాలమీదే రావాలి.

అది మూడో ఈతకు నిండు చూలుతో ఉన్నప్పుడు నేను ఒక మొక్కుబడి చేసుకున్నాను. మన సంఘంలో అలవాటు మీకు తెలిసిందే, మొదట కాసిన గుమ్మడికాయైనా, పిల్లవాడి మొదటి జీతమైనా ముందు దేవుని బల్ల మీద పెట్టిన తర్వాతే ఇంట్లోకి తెచ్చుకుంటాం. నేను కూడా కొట్టంలో మోకరించి, "ప్రభువా, రాణి సుఖంగా ఈనితే తొలిపాలు నీవే, ఒక్క చుక్క కూడా మేము ముట్టుకోము, జున్ను వండి నీ బిడ్డలందరికీ పెడతాను" అని చెప్పాను. ఆయన విన్నాడు, తెల్లవారుజామున ఏ కష్టమూ లేకుండా పెయ్యదూడ పుట్టింది. నా సంతోషానికి పట్టపగ్గాలు లేవు.

ఇక చూడండి నా భక్తి. దూడకు రెండు గుక్కలు తాగనిచ్చి కట్టేశాను, మిగతాదంతా పిండాను, పొదుగు వదులై చేతికి ఖాళీ సంచిలా తగిలేదాకా పిండాను, సాయంత్రం మళ్ళీ పిండాను, మర్నాడు పొద్దున మళ్ళీ పిండాను. కొంత దాచుకుని, అంతా ఇచ్చేశామని చెప్పి అపొస్తలుల ముందు కుప్పకూలిన భార్యాభర్తల సంగతి చిన్నప్పటినుంచి వింటూ పెరిగినదాన్ని, పొదుగులో ఒక గ్లాసు మిగిల్చినా దేవునికి లెక్క చెప్పాలేమోనని నా భయం. పాలన్నీ బెల్లం, మిరియాలు, యాలకులు వేసి ఆవిరి మీద పెట్టాను. ఆ మధ్యాహ్నం మా ఇంట్లో గృహప్రార్థన. మన పాస్టరు అయ్యగారు వచ్చారు, సహోదరీలు వచ్చారు, జున్ను వాసన వీధిదాకా వెళ్ళింది, ఇంకా మొదటి పాట కూడా పూర్తికాలేదు, వెనకనుంచి మా అత్తమ్మ గొంతు వినబడింది.

"నిర్మలా, బిరీన ఈడికి రా మే. ఆవు కూలబడిపోయిండాది."

మా అత్తమ్మ విశ్వాసంలోకి రాలేదు. నా దేవుణ్ణి తిట్టదు, అలాగని నమ్మదు, "నీ దేవుడు" అని వేరుపెట్టి మాట్లాడుతుంది, మా ఆయన్ని కన్న తల్లి కాబట్టి నేనూ నోరు కట్టుకుని ఉంటాను. పరిగెత్తి వెళ్ళి చూశాను. పొద్దుటినుంచి వెనక కాళ్ళు తడబడుతుంటే ఈనిన అలసట అనుకున్నాను. ఇప్పుడు రాణి నేలకు అంటుకుపోయి మెడను డొక్క వైపు తిప్పి పెట్టుకుని ఉంది, తిన్నగా పెడితే మళ్ళీ అటే వాలిపోతోంది, కళ్ళలో వెలుగు లేదు, ముట్టె ఎండిపోయింది, పేడ లేదు, పొట్ట ఉబ్బుతోంది. చెవి పట్టుకున్నాను, మంచు ముక్కలా ఉంది. అత్తమ్మ నా మొహం చూసి, "పాలంతా నీ దేవుడికే ఇస్తివి గదా, ఇప్పుడు ఆవునే తీసుకోబోతా ఉండాడు" అంది.

సహోదరులారా, ఆ మాట నా గుండెలో గుచ్చుకుంది. ఆవు పోతే ఇల్లు గడవదు, అది ఒక ఎత్తు. నేను మనసారా ఇచ్చిన కానుకను దేవుడు విసిరికొట్టాడేమో అన్న భయం ఇంకో ఎత్తు. ఆ పేడలోనే మోకరించి, "ప్రభువా, నేనిచ్చింది నీకు నచ్చకపోతే నన్ను కొట్టు, ఈ మూగజీవాన్ని కొట్టకు, దానికి అడగడానికి నోరు లేదు, దాని దూడ కాళ్ళు ఇంకా వణుకుతూనే ఉన్నాయి" అని ఏడ్చాను. అందరూ చుట్టూ చేరి చేతులెత్తారు. ఎంతసేపు ప్రార్థించినా రాణి చెవి కూడా కదల్చలేదు. ఒక సహోదరి, డాక్టరును పిలిస్తే విశ్వాసం లేనట్టు అవుతుందేమో అని మెల్లగా అంది. అప్పుడు అయ్యగారు కళ్ళు తెరిచి, "అమ్మా, దేవుడు మనకు మోకాళ్ళు ఇచ్చినాడు, వాటి కింద పాదాలూ ఇచ్చినాడు. మేము మోకాళ్ళ పని చేస్తాము, నువ్వు పొయ్యి డాక్టరమ్మను పిలువు" అన్నారు. నా ప్రార్థనకు జవాబు ఆ మాటతోనే మొదలైందని ఇప్పుడు నేను నమ్ముతున్నాను.

పశువుల డాక్టరమ్మ తమిళావిడ, కానీ మా తెలుగువాళ్ళ వీధుల్లో తిరిగి తిరిగి మన భాష పట్టేసింది. ఆమె వచ్చేసరికి మా అత్తమ్మ మిరియాల కషాయం వెదురు గొట్టంలో నింపి రాణి నోట్లో పోయబోతోంది. డాక్టరమ్మ కొట్టంలోకి వస్తూనే, "పాట్టీ, వేండాం, వద్దవ్వా, నీళ్ళు కూడా పొయ్యొద్దు. అది మింగలేదు, అంతా ఊపిరితిత్తుల్లోకి పోతాది" అని ఆపింది. చెవులు తాకింది, జ్వరం చూసింది, గుండె వింది, పొదుగు నొక్కి వాపు లేదంది, నోట్లో పుండ్లు లేవంది. తర్వాత నన్ను అడిగింది, "ఎప్పుడు ఈనింది? పాలు ఎంత తీస్తిరి?" అంతా తీశానని గొప్పగానే చెప్పాను. ఆమె నా వైపు చూసి, "అదేనక్కా" అంది.

అప్పుడు వివరంగా చెప్పింది. దీన్ని పాల జ్వరం అంటారు గానీ ఒళ్ళు మాత్రం చల్లబడుతుందట. బాగా పాలిచ్చే ఆవు ఈనగానే ఒంట్లోని కాల్షియమంతా జున్నుపాలలోకి దిగుతుందట, మనం పొదుగు ఊడ్చేస్తే అది నింపడానికి రక్తంలోంచి ఇంకా లాగుతుందట, అది అందక కండలు పట్టు తప్పి పశువు కూలిపోతుందట. ముందుగా చూస్తే లేస్తుంది, నిర్లక్ష్యం చేస్తే పోతుంది. అందరం కలిసి రాణిని పక్కకు ఒరగకుండా రొమ్ము మీద కూర్చోబెట్టి రెండు వైపులా గడ్డి మూటలు ఆనించాం. డాక్టరమ్మ మందు సీసాను గోరువెచ్చని నీళ్ళలో పెట్టి, మెడ నరానికి సూది వేసి, సీసా పైకి పట్టుకోవడానికి మనిషి కావాలంది.

మా ఆయన గోడ పట్టుకుంటూ వచ్చాడు. "నేను వంగలేనుగానీ చెయ్యి ఎత్తగలను" అన్నాడు. ఇంట్లో ఎందుకూ పనికిరానివాణ్ణయ్యానని రోజూ కుమిలిపోయే మనిషి, ఆ సీసా పట్టుకుని గోడకు వీపు ఆనించి నిలబడ్డాడు. మందు చాలా నెమ్మదిగా ఎక్కాలి, తొందరపడితే గుండె ఆగిపోతుందని డాక్టరమ్మ రాణి రొమ్ము మీద స్టెతస్కోపు ఆనించి వింటూనే ఉంది. మన సహోదరీల సంగతి మీకు తెలుసు గదా, పాట అందుకుంటే వీధి చివరిదాకా వినబడాలి. డాక్టరమ్మ తలెత్తి, "అక్కా, పాడండి, వద్దనలేదు, కొంచెం మెల్లగా పాడండి, దీని గుండె నాకు వినబడాలి" అంది. మన సంఘం అంత మెల్లగా పాడింది ఆ ఒక్కరోజే.

సీసా సగం దాటేసరికి రాణి తొడలు వణికాయి. ముట్టె మీద చెమట బొట్లు పుట్టాయి. ఒక పెద్ద త్రేన్పు వచ్చింది, పేడ వేసింది. డాక్టరమ్మ సూది తీసి, మళ్ళీ పడిపోకుండా ఇంకొంత మందు చర్మం కిందికి ఎక్కించి లేచింది. కాసేపటికి రాణి తనంతట తానే వెనక కాళ్ళు కూడదీసుకుని, ఒకసారి తూలి, లేచి నిలబడి దూడకోసం అరిచింది. దేవునికే మహిమ! మా ఆయన ఖాళీ సీసా పట్టుకుని ఏడుస్తూనే ఉన్నాడు. నేను దూడ తాడు విప్పాను.

వెళ్ళేముందు డాక్టరమ్మ, దూడకు కడుపునిండా తాగనివ్వమని, ఇంకా రెండు రోజులు పొదుగు ఖాళీ చెయ్యొద్దని, చెవులు చల్లబడితే వెంటనే ఫోన్ చెయ్యమని చెప్పింది. ఆ తర్వాత అయ్యగారు నన్ను కూర్చోబెట్టి, "అమ్మా, తొలిచూలు దూడ ఏడు దినాలు తల్లితో ఉండాలని, ఎనిమిదో దినమే తనకు ఇమ్మని దేవుడు పూర్వమే చెప్పినాడు. తల్లికీ బిడ్డకీ మిగిల్చి అడిగే దేవుడమ్మా ఆయన" అన్నారు. నా కానుకను ఆయన తోసెయ్యలేదని అప్పుడు అర్థమైంది. నేనే ఆయన్ని దయలేని యజమానిని చేసి చూశాను.

ఎనిమిదో రోజు రాణి పాలతో పాయసం వండి సంఘానికి తెచ్చాను. గిన్నె మోసింది మా అత్తమ్మ. లోపలికి రాను, గుమ్మం దగ్గర పెట్టి పోతానంది, చివరి పాటదాకా అక్కడే నిలబడింది.

ఇప్పుడు మా వీధిలో ఎవరి పశువు పడుకున్నా ముందు నన్నే పిలుస్తారు. నేను వెళ్ళి మొదట చెవి పట్టుకుంటాను, నోట్లో పొక్కులూ గిట్టల్లో పుండ్లూ ఉంటే గాలికుంటు అని మిగతా పశువులను దూరంగా కట్టిస్తాను, పొదుగు గట్టిపడితే వాపు అంటాను, ఏదైనా సరే డాక్టరమ్మకు ఫోన్ చేయించి ఆమె వచ్చేదాకా ప్రార్థిస్తాను. రెండూ దేవుని పనులే.

సహోదరులారా, మీలో ఎవరైనా దేవుని పేరిట ఇచ్చీ ఇచ్చీ, చేసీ చేసీ, ఇంకా చాలలేదని భయపడుతూ ఒళ్ళు చల్లబడేదాకా వచ్చారా? ఈ రోజే ఆయన దగ్గర మోకరించండి, సాయం చేయగలవాళ్ళను పిలవడానికి సిగ్గుపడకండి. నేను నా ఆవును పిండినట్టు ఆయన మిమ్మల్ని పిండడు. పడినచోటికే వచ్చి, మీ గుండె చప్పుడు వింటూ, నెమ్మదిగా లేపుతాడు.