మెట్టె తిప్పి చూసిన చెయ్యి

మా మేనత్త డాక్టర్ సుభద్రమ్మగారు ఇక లేరు. నెల్లూరులోని తన ఆసుపత్రిలో, మధ్యాహ్నం రోగులందరినీ చూసి పంపాక, కుర్చీలో కూర్చున్నవారు కూర్చున్నట్టే కన్నుమూశారు. కబురు విని నేను నమ్మలేదు. అంతకు ముందు ఆదివారమే సముద్రపు ఒడ్డున ఉన్న మా ఇంటికి వచ్చి, ఏడో నెల గర్భిణి అయిన నా భార్య నిర్మలను చూసి వెళ్లారు.

ఒకప్పుడు ఈ తీరాన ఉప్పు కయ్యలు చాలావరకు మావే. ఇప్పుడవి ఇతరుల రొయ్యల గుంటలు. ఆస్తి పోయినా మేము ఎవరి ముందూ తల వంచలేదు. మా ఇంట్లో జీతానికి పనిచేసిన తొలి మనిషి అత్తయ్య. మా ఇంటి పిల్ల ఊళ్లోవాళ్లకు పురుళ్లు పోయడమేమిటని తాత ఆమెతో చాలాకాలం మాట్లాడలేదు. వంశం నిలబడాలన్నప్పుడు మేము వెళ్లింది ఆమె దగ్గరికే.

సంతానం కోసం సూదులు వేయించుకుంటుండగా నిర్మల రక్తంలో ఈస్ట్రోజన్ అనే హార్మోను హద్దు దాటి పెరిగింది. పిండాన్ని గర్భంలో పెట్టడానికి మా అమ్మ అప్పటికే ముహూర్తం పెట్టించింది.

"పంతులు శుక్రవారం అన్నాడు వదినా," అంది.

"మోసేది పంతులా? ఈ రక్తంలో పెడితే నిలవొచ్చు. నిలిచినాక మాయ సరిగా కుదరకపోతే బిడ్డ ఎదగదు. పిండాలు ఫ్రీజ్ చేసి దాచిపెడదాం. దాని ఒళ్లు సద్దుకోనీ," అన్నారు అత్తయ్య.

అలా చేస్తే ఇక భయం లేనట్టేనా అని నేను అడిగాను.

"ఒక భయం తగ్గుద్ది. బీపీ భయం పోదు అబ్బాయా. అందుకే కాళ్లు చూస్తా ఉంటా."

కొన్నాళ్లు ఆగి పెట్టిన పిండం నిలిచింది. నిర్మల కాలి మెట్టెలు మా నాయనమ్మవి. ఇంట్లో మిగిలిన వెండి అదే. నిర్మల పెద్దమ్మా అని పిలిచే అత్తయ్య, వచ్చినప్పుడల్లా నేలమీద కూర్చుని, ఎండాకాలంలోనూ చల్లగా ఉండే వేళ్లతో కుడి కాలి మెట్టెను తిప్పి చూసేవారు. బీపీ మిషను ఆ తర్వాతే. "ఇది తిరగని రోజు తిథులు చూడబాకండి, బండెక్కండి," అనేవారు.

ఆమె పెళ్లి చేసుకోలేదు కనుక మైల మాకే వచ్చింది. ఆ మైల రోజుల్లో ఒక ఉదయం నిర్మల నిద్ర లేచి, మామూలు విషయం చెప్పినట్టు చెప్పింది. "పెద్దమ్మ వచ్చింది. మెట్టె తిప్పింది. తిరగలా."

దుప్పటి తీసి చూశాను. పాదం ఉబ్బి, మెట్టె కండలోకి దిగిపోయి ఉంది. దాని చుట్టూ చర్మం ఎర్రగా గీరుకుపోయింది, ఎవరో పట్టుబట్టి తిప్పినట్టు. ఆ కడుపుతో నిర్మల చెయ్యి తన పాదానికి అందదు. తాను ముట్టుకోలేదంది అమ్మ. నేనూ ముట్టుకోలేదు.

మైల తీరేదాకా గర్భిణి గడప దాటకూడదంది అమ్మ. నేను కారు పిలిపించాను.

ఆసుపత్రిలో బీపీ చూసిన డాక్టరు రెండోసారి చూడలేదు, నేరుగా ఆపరేషను గదికి పంపారు. మెట్టె రాలేదు, కత్తిరించారు. భర్త బతికుండగా మెట్టె తెంచడం మా ఇంట ఎన్నడూ జరగలేదు. అమ్మ ముఖం తిప్పుకుంది. నెలలు నిండకుండా ఆపరేషను చేసి తీసిన బిడ్డ చాలా చిన్నది, ఇంకా గాజుపెట్టెలోనే ఉంది. తల్లీ బిడ్డా బతికారు.

నెల్లూరులో డాక్టర్లకు కొదవ లేదు. నేలమీద కూర్చుని పాదం ఒళ్లో పెట్టుకునే వాళ్లను నేను మళ్లీ చూస్తాననుకోను. ఎవరికీ నమస్కరించడం అలవాటు లేని ఇంట పుట్టినవాణ్ణి, అత్తయ్యా, మీకు చేతులు జోడిస్తున్నాను.

వాపు తగ్గింది. నిర్మల మాత్రం ఇప్పటికీ పడుకునే ముందు దుప్పటి లాగి, కుడి పాదం బయట పెట్టుకుంటుంది. నేను కప్పను.