నేయని పట్టుకు తరుగు

2003 ఆగస్టులో ఒక మంగళవారం ఉదయం ఆరు గంటల ఇరవై నిమిషాలకు, ధర్మవరంలో చౌడప్ప అనే నేతగాడు తన సావుకారి కొట్టులో పట్టు తూయించుకుని ఇంటికి వెళ్లాడు. చీటీ మీద ఐదు వందల ఇరవై గ్రాములు అని ఉంది. అటువంటి తూకాలు ఆ ఊళ్లో రోజూ ఎన్నో జరిగేవి. ఈ ఒక్కదాని గంట, నిమిషం నాకు తెలుసు. ఎందుకంటే రాసి పెట్టుకోమని అతనికి చెప్పింది నేనే. ఆ మాట ఐదు నెలల ముందు చెప్పవలసింది.

మాది పెనుకొండ. హిందూపురంలో కంప్యూటర్ నేర్చుకుని, కొన్నేళ్లు అక్కడే పనిచేసి, 2001లో ధర్మవరంలో సొంతంగా చిన్న సెంటర్ పెట్టాను. రోజూ ప్యాసింజర్ బండిలో పోయి వచ్చేవాణ్ణి. పెళ్లిపత్రికలు, దరఖాస్తులు టైపు చేయడం ప్రధానమైన పని. దానితోపాటు, అడిగినవాళ్లకు ఇంటి జమాఖర్చులు ఎక్సెల్‌లో కట్టి ఇచ్చేవాణ్ణి. ఎక్సెల్ అంటే గళ్లగళ్లుగా ఉండే ఖాతా పుస్తకం లాంటిది. ఒక గడిలో ఫార్ములా, అంటే లెక్క చేసే సూత్రం, రాసి పెడితే మిగతా అంకెలు అదే వేసుకుంటుంది. ఏ రెండు ఇళ్ల జమాఖర్చూ ఒకలా ఉండదు గనుక ఎవరి షీటు వాళ్లకు విడిగా తయారుచేసేవాణ్ణి. ఆ పని బాగా చేస్తానని నాకు గర్వంగా ఉండేది.

చౌడప్ప మార్చిలో వచ్చాడు. చేతిలో మూడేళ్ల చీటీలు తీగకు గుచ్చి ఉన్నాయి. వెనక భార్య ఓబులమ్మ.

"ఇవన్నీ ఎక్కించి నా అడ్వాన్సు ఎంత మిగిలుండాదో తేల్చు సార్. అది తీరిపోతే నేను వేరే సావుకారి కాడికి పోతా. ఆడ చీరకు నూటేభై ఎక్కువిస్తారు."

పట్టు, జరీ ఇచ్చి, చీర నేయించుకుని, కూలి ఇచ్చే వ్యాపారిని అక్కడ సావుకారి అంటారు. మగ్గం మీద జకార్డు, అంటే అంచులో బుట్టాలు తీసే సాధనం, కొనుక్కోవడానికి చౌడప్ప పదిహేను వేలు అడ్వాన్సు తీసుకున్నాడు. అది తీరేదాకా మరొకరికి నేయకూడదు. చీర చీరకూ కూలిలో కొంత కోసుకుంటున్నారు. ఇచ్చిన పట్టు, జరీల బరువు, తెచ్చిన చీర బరువు కూడా చీటీ మీద రాస్తారు. తేడా ఉంటే దాని పేరు తరుగు.

నేను గళ్లు గీస్తుంటే ఓబులమ్మ అడిగింది. "ఎప్పుడు తూసిందీ రాయవా సార్? పొద్దున్నా, మద్దేనమా?"

"తేదీ ఉంది కదమ్మా. చాలు" అన్నాను.

"నువ్వూరకుండు. సార్‌కు తెలీదనా" అన్నాడు చౌడప్ప.

నూట నలభై చీరల చీటీలు ఎక్కించాను. అడ్వాన్సులో మిగిలింది పదహారు వందలే. ఇంకో రెండు మూడు నెలల పని. అక్కడితో ఆపి ఉంటే బాగుండేది. ప్రతి చీటీ చివర 'తక్కువ 30 గ్రా' అనో, అటూ ఇటూగానో ఉంది. సావుకారి దాన్ని రాసేవాడే గాని ఎన్నడూ కోసేవాడు కాదు. మనిషిని వంచి ఉంచడానికి ఆ అంకె చాలు. షీటు నిండుగా కనిపించాలని నేను ఆ గడులన్నీ కూడాను. నాలుగు కిలోల రెండు వందల గ్రాములు తేలింది. కిలో పద్నాలుగు వందల లెక్కన ఖరీదు కూడా కట్టి, పైన మా సెంటర్ పేరుతో ప్రింటవుట్ తీసి ఇచ్చాను.

చౌడప్ప పదహారు వందల అంకె చూసుకుని సంతోషంగా దాన్ని నేరుగా సావుకారికి చూపించాడు. సావుకారి కింది అంకె చూశాడు.

"నేను చెప్తే నమ్మరు కదప్పా మీరు. మీ కంప్యూటరే చెప్తాండాది. ఐదువేల ఎనిమిదొందల ఎనభై పట్టుకు, పదారొందలు అడ్వాన్సుకు. కింద సంతకం పెట్టు."

చౌడప్ప పెట్టాడు. అచ్చయిన కాగితాన్ని కాదనవచ్చునని అతనికి తోచలేదు. పదహారు వందల అప్పు ఏడువేల నాలుగు వందల ఎనభై అయింది.

ఐదు నెలలు ఆ అప్పు మోశాక, ఆగస్టులో ఓబులమ్మ ఒక్కతే వచ్చి నా ముందు కూర్చుంది.

"ఆయప్ప పట్టు దొంగిలించినాడా సార్? మీ కాయితం అట్లే చెప్తాండాది."

"మరి ఆ బరువు ఎక్కడికి పోయిందమ్మా?"

"యాడికీ పోలే. రాత్రంతా పట్టును తడి గోనెల మీద పెడ్తారు. పొద్దున్నే పిలిచి తూసిస్తారు. మేము చీర తీస్కపోతే మరకలు చూడాలని మిద్దె మీద ఎండకు పరుస్తారు, మద్దేనం తూస్తారు. మా వీధిలో ఎవర్నడిగినా చెప్తారు. మీరు అడగలేదు."

పట్టు తేమను పీలుస్తుందని నేను పుస్తకాల్లో చదివే ఉన్నాను. చదివిందీ, నేను చేసే పనీ ఒకదానికొకటి తగలలేదు, అంతే.

అందుకే ఆ మంగళవారం గంట రాసుకోమన్నాను. ఆ రోజు తెచ్చిన పట్టును వాళ్లు మగ్గం దగ్గరికే తీసుకుపోలేదు. మిద్దె మీద నీడన ఆరేశారు. మధ్యాహ్నం రెండింటికి ముగ్గురం కలిసి పక్క వీధిలో బంగారు పని చేసే ఆచారి త్రాసులో పెట్టాం. నాలుగు వందల తొంభై ఒకటి. ఒక్క పోగు నేయకుండా ఇరవై తొమ్మిది గ్రాముల తరుగు.

ఆచారి త్రాసు వైపు చూసి, "మా పనిలో ఇట్లాంటిది చేసుంటే ఊర్లో ఉండనిస్తారా" అన్నాడు.

చౌడప్పా నేనూ సావుకారి దగ్గరికి పోయాం. అతను మర్యాదగా కాఫీ తెప్పించాడు. నేను రెండు తూకాలూ చెప్పాను. అతను ఆశ్చర్యపోలేదు. కాదని కూడా అనలేదు.

"గాలికి నేనేం చేసేది సార్? ఎండకూ నేనే జవాబుదారా?"

"తడి గోనెలు గాలి తెచ్చిందా?"

"మా నాయన కాలం నుంచి ఇదే రివాజు. పట్టు మెత్తగుండాల కదా." డ్రాయర్లోంచి నా ప్రింటవుట్ తీశాడు. "సంతకముండాది. మీ సెంటర్ పేరుండాది. ఇంక నన్నేమి అడుగుతారు?" అని, కాఫీ గ్లాసు నా వైపు జరిపి, "నాకు నలభై మగ్గాలుండాయి. అందరి లెక్కా ఇట్లే చేసి పెట్టండి సార్. నెలకింతని ఇస్తా" అన్నాడు.

ఎగతాళికి అనలేదు. నిజంగానే అడిగాడు. అది తలుచుకుంటే నాకు ఈనాటికీ ఒళ్లు మండుతుంది. మూడేళ్లు చీటీల మీద గ్రాములుగా విడివిడిగా పడి ఉన్న మోసాన్ని కూడి, ఖరీదు కట్టి, సరిచూసినట్టు అచ్చు వేసి ఇచ్చింది నేను. అతనికి చేతకాని పని నా చేత అయింది. కాఫీ తాగకుండా లేచి వచ్చాం. తాగనంత మాత్రాన ఏమీ మారలేదు.

చౌడప్ప తరఫున మాట్లాడమని ముగ్గురు పెద్దమనుషులను అడిగాను. ముగ్గురూ సంతకం ఉందా అనే అడిగారు. తడి గోనెల గురించి ఒక్కరూ అడగలేదు, వాళ్లకు తెలుసు గనుక.

ఆఖరికి ఆ డబ్బు నేనే కడతానని వాళ్లింటికి వెళ్లాను. ఓబులమ్మది హిందూపురం వైపు పుట్టిల్లు, అక్కడ డబ్బును దుడ్లు అంటారు.

"మీ దుడ్లు వద్దు సార్. మీరు కడితే ఆ లెక్క నిజమైపోతాది" అంది.

చౌడప్ప నవ్వి, "ఆయమ్మ మాట ముందే విని ఉంటే సరిపోయుండు. నేనూ వినలే, మీరూ వినలే" అన్నాడు.

ఆ నెలాఖరుకు అతను జకార్డు విప్పి సావుకారికి అప్పగించి, సంతకం కాగితం వెనక్కి తీసుకున్నాడు. తరువాత హిందూపురంలో ఒక ఫ్యాక్టరీలో వాచ్‌మన్‌గా చేరాడు. ఐదేళ్ల తరువాత పోయాడు. కడపటి చూపుకు వెళ్లినప్పుడు ఓబులమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే కొంత నయంగా ఉండేది.

కంప్యూటర్ తప్పు చేయదని అప్పట్లో అందరితో పాటు నేనూ చెప్పేవాణ్ణి. అది తనకిచ్చిన తూకాన్ని నమ్ముతుంది. ఎవరు తూచారో, ఏ వేళ తూచారో అడగవలసింది గళ్లు గీసే మనిషి. ఆ మనిషికి తెలియకపోతే, ఆ వస్తువును రోజూ చేత్తో పట్టుకునే వాళ్లను అడగాలి. తరువాతి ఏళ్లలో ఏ ఇంటి షీటు కట్టినా ముందు ఆ ఇంటి ఆడవాళ్లతో కూర్చుని మాట్లాడాకే మొదటి గడి గీశాను. ఒక పక్షం వాళ్లు రాసిన చీటీలను మాత్రమే కూడి ఎవరికీ ఇవ్వలేదు. అది నాకు వచ్చిన బుద్ధి. దాని ఖర్చు వేరే వాళ్లు కట్టారు.

చౌడప్ప ఇంట్లో కాళ్లు దించుకుని నేసే మగ్గం గుంట పూడ్చి పైన బండలు పరిచారు. ఆ ఇంట్లో ఇప్పుడెవరూ పట్టు నేయరు.