పౌడరు డబ్బాలో చిల్లర

మన టౌన్‌షిప్ సెక్టర్ 2 వాళ్లకు గుర్తుందా, పౌడరు డబ్బా మూతకు గాటు పెట్టి చిల్లర దాచేవాళ్లం? నా భార్య బీరువాను నేను సర్దుతుంటే ఇవాళ నాది దొరికింది.

పక్క క్వార్టరు మూర్తి చిల్లరంతా వాళ్ల నాన్న నెలనెలా పోస్టాఫీసులో వేయించేవారు. నేను గొప్పగా డబ్బా ఊపితే, "ఏట్రా, సప్పుడు సేస్తే పైసలు పెరుగుతాయేటి?" అనేవాడు మూర్తి.

ఉద్యోగంలోనూ వాడు మొదటి జీతం నుంచే రిటైర్మెంటుకు మదుపు చేశాడు. నేను మిగిలిందే దాచాను. రిటైరయ్యాక వాడు ఇంట్లో ఉన్నాడు. నేను కాంట్రాక్టు పనికి వెళ్లాను.

"ఇంకెన్నాళ్లండీ?" అనేది నా భార్య.

"రెండేళ్లే."

ఏడాదికే ఆమె పోయింది.

ఇప్పుడు వాడిల్లు మా ఇంటికి ఎదురుగానే. సాయంత్రాలు ఆ వరండాలో మూర్తి, వాడి భార్య టీ తాగుతుంటే నాకు కడుపు మండుతుంది.

"రారా, టీ తాగుదాం" అని పిలుస్తాడు. పనుందంటాను. ఇప్పుడు నీకు పనేమిటని వాడు అడగడు.