గంగాళానికి అంటించిన లేబుల్

2023 శ్రావణం. ఎమ్మిగనూరులో ఒక వృద్ధాశ్రమం వంటశాలకు నేను సూపర్‌వైజర్‌ని. ఏం వండారు, ఎప్పుడు వండారు, ఎప్పటిలోగా తినాలి అని ప్రతి గిన్నెకూ లేబుల్ అంటించాలి. వండిన అన్నం వేడి మీదో ఫ్రిజ్‌లోనో కాకుండా బయట ఉండదగ్గ సమయాన్ని హోల్డింగ్ టైమ్ అంటాం. మా దగ్గర అది రెండు గంటలు. ఈ విషయంలో నేను గయ్యాళినని పేరు. ఆ పేరంటే నాకు ఇష్టమే.

ఒక సోమవారం మధ్యాహ్నం ఉరుకుంద ఈరన్న గుడి నుంచి తిరిగి వెళ్తూ ఆలూరు వైపు రైతు రంగన్న ఆటోలో గంగాళం నిండా చిత్రాన్నం తెచ్చాడు. తెల్లవారకముందే వండి, స్వామికి నైవేద్యం చూపించి, వేడి మీదే మూతపెట్టి గుడ్డ బిగించాడట. విప్పితే మూత నుంచి నీళ్లు కారాయి. వాసన మాత్రం బాగానే ఉంది. ఈ వాసనే అందరినీ మోసం చేస్తుంది.

"ఇది వడ్డించలేనన్నా" అన్నాను.

"దేవుని ప్రసాదానికి గడువేందమ్మా? పెద్దోళ్ల నోట్లో పడకుంటే నా మొక్కు యాడ తీరుతాది?"

ఇంతలో మా ఆశ్రమంలో ఉండే నరసమ్మవ్వ పళ్లెం పట్టుకుని వచ్చింది. విరేచనాలతో ఆసుపత్రిలో పడి అప్పుడప్పుడే కోలుకుంది. మళ్లీ అలా అయితే తట్టుకోలేదని డాక్టర్ చెప్పారు. పైగా ఆ రోజు ఒక్కపొద్దు, పొద్దుటి నుంచి ఏమీ తినలేదు.

"ఒక్క పిడికెడు పెట్టు తల్లీ. ప్రసాదం వద్దంటే కండ్లు పోతాయి."

నాకూ దేవుడంటే భయమే. అయినా గంగాళం ముందు నుంచి కదల్లేదు.

"అన్నా, బియ్యం నేనిస్తాను, ఈడనే నీ చేత్తో వండు. గుడిలో నీకిచ్చిన కలకండ పటికబెల్లమే కదా, చెడదు, అది అన్నంతో పాటు పంచు. మొక్కు తీరదా?"

రంగన్న మొహం మాడ్చుకునే లేచి చేతులు కడుక్కున్నాడు. పాత అన్నాన్ని ఎవరి కాలూ పడకుండా వేపచెట్టు పక్కన గుంత తీసి పూడ్చాం.

కొత్త చిత్రాన్నం పొయ్యి దిగగానే లేబుల్ అంటించాను.

"ఏం రాసినావో సదువు" అంది అవ్వ.

"చిత్రాన్నం. వండినది రంగన్న. ఇప్పుడే. రెండు గంటల్లోగా తినాలి."

రంగన్న భుజం మీది తువ్వాలు సర్దుకున్నాడు. అవ్వ కలకండ కళ్లకద్దుకుని, చిత్రాన్నం కడుపునిండా తిన్నది. ఏ ఇబ్బందీ రాలేదు.

వద్దనడం ఎవరికైనా వచ్చు. వద్దన్న చేత్తోనే ఏది పెట్టవచ్చో చూపించాలి. ఆ రోజు నేను నేర్చుకున్నది ఇదే. మరుసటి శ్రావణంలో రంగన్న బియ్యం మూటతో దిగాడు. చెప్పులు విడుస్తూనే అడిగాడు:

"అమ్మా, నా పేరు రాసే లేబుల్ యాడుంది?"