పిన్నికి బస్ కార్డు ఇప్పించిన పద్మక్క

పద్మక్క ఇక లేదు.

నిన్న పొద్దున స్టేషన్‌లో ట్రైన్ కోసం నిలబడి ఉంటే వాళ్ళబ్బాయి ఫోన్ చేశాడు. "ఆంటీ, అమ్మ పోయింది. నిద్రలోనే" అన్నాడు.

"ఏ అమ్మరా?" అని అడిగాను. నిజంగా అలాగే అడిగాను. బుద్ధి పనిచేయలేదు.

ట్రైన్ వచ్చింది, వెళ్ళిపోయింది. ఆఫీసుకి మెసేజ్ పెట్టి ఇంటికి తిరిగొచ్చేశాను.

మొన్న ఆదివారమే కదా ఫోన్‌లో నన్ను తిట్టింది, గోంగూర పచ్చడిలో అన్ని ఎండుమిర్చి ఎందుకు తగలేశావే అని! ఇలా చెప్పాపెట్టకుండా పోవడమేంటక్కా? ఏడుపు కంటే ముందు కోపం వస్తోంది నాకు.

మనవాళ్ళలో చాలామందికి పద్మక్క అంటే, తలా ఒక వంటకం తెచ్చుకునే పాట్‌లక్‌ భోజనాలకి పులిహోర తెచ్చే ఆవిడ. ఉద్యోగం ఏంటో ఎంతమందికి తెలుసు?

జెర్సీ సిటీలో ఒక బస్ ఆఫీసులో కౌంటర్‌లో కూర్చునేది. పెద్దవాళ్ళకీ, జబ్బుమనుషులకీ తక్కువ టికెట్‌తో తిరిగే కార్డు ఇస్తారు చూడండి, అక్కడ. ప్రభుత్వ హెల్త్ ఇన్సూరెన్స్ ఉందో లేదో కంప్యూటర్‌లో చెక్ చేస్తారు. ఉంటే కార్డు, లేకపోతే లేదు.

ఇందులో ఏముందిలే అనుకున్నాను, మా పిన్నిని తీసుకెళ్ళేదాకా.

పిన్ని అంటే మా అమ్మ చెల్లెలు, సుబ్బలక్ష్మి. ఇక్కడే ఓ స్టోర్‌లో ఏళ్ళ తరబడి పనిచేసి, రిటైరై నా దగ్గరే ఉంటోంది. కిడ్నీలు పాడయ్యాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్, బస్సులోనే వెళ్ళాలి.

కార్డుకి అప్లై చేస్తే "ఇన్సూరెన్స్ రికార్డుతో కలవలేదు" అని తిరిగొచ్చింది. ఒళ్ళు మండి మళ్ళీ అదే పంపాను. మళ్ళీ తిరిగొచ్చింది. ఈసారి మనిషే రావాలన్నారు.

వెళ్ళాం. అప్పటికి పద్మక్క ఎవరో నాకు తెలియదు. కౌంటర్‌లో ఆవిడ తెలుగు మొహం కనిపించగానే ప్రాణం లేచొచ్చింది.

కానీ ఆవిడ వెనకాలే సూపర్‌వైజర్ నిలబడి ఉన్నాడు. అప్లికేషన్‌లో ఒక పుట్టినతేదీ, ఐడీలో ఇంకోటి. వేరేవాళ్ళ ఇన్సూరెన్స్ వాడుకుంటున్నామేమోనని ఆయన అనుమానం. పిన్ని తన నోటితో తేదీ చెప్పాలట. అది కూడా కలవకపోతే విషయం ఇన్సూరెన్స్ వాళ్ళకి వెళ్తుందట. తేలేదాకా కవరేజీ ఆపేసినా ఆపేస్తారట. నన్ను మాత్రం నోరెత్తొద్దన్నాడు.

మర్నాడే డయాలసిస్. బస్సు టికెట్ కోసం వచ్చి ప్రాణం మీదికి తెచ్చుకున్నాం.

తప్పు ఎక్కడ జరిగిందో అప్పుడు వెలిగింది. మా ఇంట్లో పిన్ని పుట్టినరోజంటే నాగులచవితి. తను పుట్టిన ఏడాది నాగులచవితి ఏ తారీఖున వచ్చిందో నెట్‌లో వెతికించి మరీ రాయించింది నాతో. ఐడీలో ఉన్నదేమో బళ్ళో హెడ్మాస్టారు వేసిన జూలై ఒకటి. సర్టిఫికెట్ల ప్రకారం మనలో సగంమంది జూన్ ఒకటినో జూలై ఒకటినో పుట్టినవాళ్ళమే కదా!

పద్మక్క ముందు ఇంగ్లీషులో అడిగింది. తర్వాత తెలుగులో అడిగింది. "ఐడీలో ఉన్న తేదీ చెప్పండి పిన్నిగారూ."

పిన్ని తల అడ్డంగా ఊపింది. "అది అబద్ధం తేదీ తల్లీ. నిజమే చెప్తానని ఇందాకేగా సంతకం పెట్టించారు. పెట్టి మళ్ళీ అబద్ధమాడనా?"

ఓరి దేవుడో! లడ్డూ తిని మూతి తుడుచుకుని తినలేదని చెప్పే మనిషి. మా మహాతల్లికి సత్యం అప్పుడే గుర్తుకు రావాలా!

"ఏమంటోంది ఆవిడ?" అన్నాడు సూపర్‌వైజర్.

పద్మక్క ఉద్యోగంలో కొత్తగా చేరిన రోజులవి. ప్రొబేషన్ ఇంకా అవలేదు. ఏదో ఒకటి చెప్పి తప్పుకోవచ్చు. ఆవిడ మాత్రం ఉన్నదున్నట్టు చెప్పేసింది. మా వైపు ఇంట్లో ఒక పుట్టినరోజు, బళ్ళో ఒక పుట్టినరోజు ఉంటాయి, ఈవిడకి బడి తేదీ చెప్పడానికి మనసొప్పట్లేదు అంది. అని ఊరుకోలేదు.

"నాదీ అంతే సార్. మీ ఫైల్లో నేను జూన్ ఒకటిన పుట్టాను. మా అమ్మ నన్ను కన్నది అట్లతద్దినాడు. ఇది ఫ్రాడ్ అయితే ముందు నన్ను పంపించెయ్యండి."



ఆయన జవాబు కోసం ఆగకుండా పద్మక్క పిన్ని వైపు తిరిగి కసిరినట్టే అంది. "మీరెప్పుడు పుట్టారో మీ అమ్మకి తెలుసు, ఆ దేవుడికి తెలుసు. ఇక్కడ ఎవరికీ అక్కర్లేదు. హెడ్మాస్టారు ఏం రాశాడో అది చెప్పండి. ఆయన రాశాడన్నది నిజమే కదా?"

పిన్ని ఆలోచించింది. నేను ఏడుకొండలవాడికి మొక్కేసుకున్నాను.

"రాశాడు. జూలై ఒకటి."

సంవత్సరం కూడా చెప్పింది. పద్మక్క టైప్ చేసింది. స్క్రీన్ తిరుగుతూనే ఉంది.

కలిసింది.

సూపర్‌వైజర్ కళ్ళజోడు తుడుచుకుని "ప్రింట్ చెయ్" అనేసి లోపలికి వెళ్ళాడు. పద్మక్క కార్డు తీసి నా చేతిలో పెట్టింది. "ఏమ్మా, పంచాంగం వెతికే ఓపికుంది గానీ ఐడీ ఒక్కసారి చూసే ఓపిక లేదా నీకు?" అంది. అదే నాకు ఆవిడ మొదటి తిట్టు. ఆ రోజు నుంచే నాకు అక్క అయింది.

నిన్న కూడా పిన్నికి డయాలసిస్ ఉంది.

ఇంటికొచ్చి విషయం చెప్పగానే కుర్చీలో కూలబడిపోయింది. "నన్ను తీసుకెళ్ళక దాన్నెందుకు తీసుకెళ్ళాడే" అని ఒకటే ఏడుపు. డయాలసిస్‌కి వెళ్ళనంది. బతిమాలే ఓపిక నాకూ లేకపోయింది.

కాసేపటికి తనే లేచి మొహం కడుక్కుంది. "మానేశానని తెలిస్తే పద్మ ఊరుకోదు" అంది. నన్ను తోడు రావద్దంది. కార్డు పట్టుకుని బస్సెక్కింది.

అక్కా, పిన్ని వెళ్ళింది. క్షేమంగా ఇంటికొచ్చింది.

ఇంక నువ్వు ఎవరికోసమూ ఎవరితోనూ వాదించక్కర్లేదు. హాయిగా నిద్రపో. ఎక్కడున్నా నీకు శాంతి దొరకాలి.