నేను కొట్టని టెంకాయ

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన కొత్తలో ఆళ్లగడ్డ దగ్గర ఒక కాలువ తూము కట్టించాను. ఇంజనీరింగ్ డిగ్రీ కాగానే నంద్యాలలో ఉద్యోగంలో చేరిన నాకు అదే మొదటి సొంత పని. నాతో చదివిన మిత్రుడు మాత్రం ఉద్యోగం వద్దని పై చదువుకు బెంగుళూరు పోయాడు. వాడు సెలవుల్లో వస్తే, నా పని చూపించుకోవాలని తూము తెరిచే రోజున నేనే వెంటబెట్టుకుపోయాను.

ముందు టెంకాయ కొట్టాలి. నేను కొట్టనని అందరికీ తెలుసు. అయినా నన్నే అడుగుతారనుకున్నాను. రాయినీ సున్నాన్నీ నిలబెట్టేది లెక్కే గాని టెంకాయ కాదని చెప్పడానికి ఉపన్యాసం కూడా సిద్ధం చేసుకున్నాను.

ఊరి పెద్దరైతు టెంకాయను నేరుగా నా మిత్రుడి చేతిలో పెట్టాడు.

“నువ్వు కొట్టప్పా. ఇంజనీరు సదువు మీద ఇంగో సదువు సదువుతాండావంట.”

“తూము కట్టింది ఈయప్ప కదా, పెద్దాయనా?”

“ఈయప్ప యాడికి పోతాడు? దినామూ ఈడ్నే ఉంటాడు.”

కాలేజీ చర్చల్లో నా పక్కన నిలబడి దేవుడు లేడని గొంతు చించుకున్నవాడే ఒక్క దెబ్బకు టెంకాయ పగలగొట్టాడు. నా మనుషులు తలుపు ఎత్తారు. నా లెక్క ప్రకారమే నీళ్లు కదిలాయి. రైతులు దండం పెట్టింది మాత్రం వాడికి. ఇంకా పూర్తికాని వాడి చదువును చూసి నా కడుపు మండిపోయింది.

పెద్దరైతు నాకొక కొబ్బరి ముక్క అందించాడు.

“తినప్పా. తినేదానికి కూడా దేవుడు అడ్డమొస్తాడా ఏంది?”

వద్దన్నాను. నా ఉపన్యాసంలో పైకి వచ్చింది ఆ ఒక్క మాటే.